ఊపిరి బిగపట్టరాని లోతు

ఒకప్పుడు మూర్ఛ వచ్చినవారు స్కూబా డైవింగుకు దిగవచ్చునా? ఇచ్ఛాపురము మొదలు భోగాపురము దాక పరచుకొన్న మన తీరమున ఈ ప్రశ్న విహారయాత్రికునిది మాత్రమే కాదు.

కురుక్షేత్రమున సర్వమును కోల్పోయిన దుర్యోధనుడు ద్వైపాయన హ్రదము చొచ్చి జలస్తంభనవిద్యచే నీటి అడుగున దాగియుండెనని భారతకథ వినుచు పెరిగిన తెలుగువానికి, నీళ్ళలో మునిగి చాలసేపు ఉండుట యనగానే ఊపిరి బిగపట్టుటయే మనస్సున మెదలును. మన ఉత్తరాంధ్రమునకు ఈ ఊహ మరింత దగ్గరిది. ఏలయన వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామవిద్య నేర్చి, ఇనుపగొలుసులు తెంచియు మోటారుకార్లను కదలనీయక నిలిపియు దేశమంతట పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడుగారు వాయుస్తంభన జలస్తంభనములను గూడ ప్రదర్శించెడివారని పెద్దలు చెప్పగా పిల్లలు నోరు తెరచుకొని వినిన సీమ యిది. స్కూబా డైవింగు ఈ విద్యకు సరిగ్గా ఎదురు నడచునది. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా అను నిరువురు రూపొందించిన శ్వాససాధనమే నేటి పరికరములకు మూలము; సిలిండరును వీపున కట్టుకొని, నోట కరచుకొన్న రెగ్యులేటరు ద్వారా అందులోని గాలిని పీల్చుచు దిగువాడు నేర్వవలసిన మొదటి సూత్రము, ఎట్టి స్థితియందును ఊపిరి బిగపట్టరాదు అనునదే. పసిపిల్లవానికైనను తెలియు సూత్రమది. అయినను మూర్ఛ వచ్చిన క్షణమున మనుష్యుని శరీరము వాని అనుమతి నడుగకయే ఊపిరిని స్తంభింపజేయును. ఈ వ్యాసమున చెప్పబోవు వైద్యవిషయమంతయు ఈ ఒక్క వైరుధ్యము చుట్టును తిరుగుచున్నది.

శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నది. విజయనగరము జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురము మండలములలో 28 కిలోమీటర్లున్నది. బారువ వద్ద మహేంద్రతనయ, కళింగపట్నము వద్ద వంశధార, కల్లేపల్లి వద్ద నాగావళి, కోనాడ వద్ద చంపావతి సముద్రమున కలియుచున్నవి. బారువ ఎదుట ఒక పాత ఆవిరినౌక శిథిలము నీటిలో పడియున్నది. ఇంత సముద్రము ఇంటిముంగిట నుండగా, దాని అడుగును చూచుటను ఒక వినోదముగా ఎంచెడి అలవాటు మొన్నమొన్నటి వరకు మనకు లేదు; సముద్రమన్నది వేటకు, సముద్రస్నానము మాఘ కార్తికములకు అన్నట్లుండెడిది. నేడు అట్లు కాదు. విశాఖపట్నము దగ్గర రుషికొండ తీరమున ఈ క్రీడ నేర్పువారున్నారు. సెలవులు వచ్చినచో అండమాను పోవువారున్నారు. అండమాను మనకు పరాయి సీమ కాదు. ఈ తీరము నుండి తరతరములుగా వలసపోయి 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరులో, జంగ్లీఘాటు వంటి పేటలలో స్థిరపడిన మత్స్యకార కుటుంబములు ఎన్నియో కలవు. అట్టి బంధువుల ఇంటికి పోయిన సోంపేట కుర్రవాడొకడు, 2018 చివర స్వరాజ్ ద్వీపమని పేరు మారిన హేవలాకు దీవిలో గంటసేపు పాఠము విని నీటిలోనికి దిగబోవుచున్నాడని అనుకొందము. దిగుటకు ముందు వాని చేతికొక పత్రము వచ్చును. అందలి ప్రశ్నలలో ఒకటి: మీకెన్నడైనను మూర్ఛ గాని, ఫిట్సు గాని, స్పృహ తప్పుట గాని కలిగినదా? ఇంటికి ఫోను చేయును. "సిన్నప్పుడొకసారి వచ్చింది గానీ మరి రాలేదు గదా బాబూ, ఏటీ కాదులే" అని తల్లి అనును. "లేదు" అన్న గడిలో గుర్తు పడును.

ఆ గుర్తు సరియైనదా కాదా అన్నదానికి సమాధానము కొంత సేపటికి గాని చెప్పలేము. ఎందుకనగా "ఒకసారి వచ్చినది" అన్న మాటలో చాల భేదములున్నవి. మొదట మాత్రము సూటిగా చెప్పవలసినది చెప్పెదను. మూర్ఛవ్యాధి ఉన్నవారును, మూర్ఛ రాకుండ మాత్రలు వాడుచున్నవారును, ఇటీవలి కాలమున కారణము తెలియని మూర్ఛ ఒక్కటైనను వచ్చినవారును స్కూబా డైవింగుకు దిగరాదు. ఈ విషయమున లోకమందలి డైవింగు వైద్యులకు నిజమైన అభిప్రాయభేదము లేదు. వారి వాదోపవాదములన్నియు దాని అంచున ఉన్నవారిని గూర్చియే: ఎన్నేండ్లు గడచిన తరువాత, ఏ నియమములతో, ఎవరిని అనుమతింపవచ్చును అని.

ఇంత కఠినమైన నియమ మెందులకు? ఈత కొట్టువానికి మూర్ఛ వచ్చినను ప్రాణాపాయమే. కాని వాడు నీటి పైభాగమున ఉండును, ఒడ్డున ఉన్నవారు చూతురు, లైఫ్ జాకెట్టు ఉన్నచో మొగము తేలియుండును, పట్టి లాగువారుందురు. పదునెనిమిది మీటర్ల లోతున ఉన్నవానికి ఇవి యేవియు లేవు. మూర్ఛ ప్రారంభమున శరీరమంతయు కొయ్యవలె బిగుసుకొనును. ఆ బిగువు పది ఇరువది సెకనులు ఉండును. గొంతులోని శ్వాసద్వారము మూతపడి, ఊపిరితిత్తులలోని గాలి వెలికి పోదు. తరువాత కాలుసేతులు కొట్టుకొను దశ వచ్చును. ఆ తరువాత కండరములన్నియు సడలి, దవడ వదులై, అంతవరకు పండ్ల నడుమ నిలిచిన రెగ్యులేటరు జారిపోవును. అప్పుడే శరీరము, స్పృహ లేకయే, దీర్ఘముగా ఒక శ్వాస తీసుకొనును. ఆ శ్వాసలో లోపలికి పోవునది నీరు. నేల మీద ఐనచో మనిషి పక్కకు తిరిగి పండుకొని పావుగంటకు లేచి కూర్చుండెడి సామాన్యమైన మూర్ఛ, నీటి అడుగున ఈ కారణముచేతనే ప్రాణాంతకమగుచున్నది. మూర్ఛవ్యాధి ఉన్నవారు నీట మునిగి మరణించుట ఇతరులకన్న సుమారు 15 నుండి 19 రెట్లు అధికమని 2008లో ప్రకటితమైన ఒక సమీక్ష తేల్చినది. అది డైవింగు లెక్క కాదు, స్నానపు తొట్లు, చెరువులు, నదులు, సముద్రములు అన్నియు కలిసిన లెక్క.

తోడుగా దిగినవాడు పైకి తేలేడా అని అడుగవచ్చును. ఇక్కడనే ఊపిరి బిగపట్టుట అను దోషము తన రెండవ కోరను చూపును. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలమున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తులను నింపిన గాలి, పైకి వచ్చుసరికి రెండింతల చోటు కోరును. శ్వాసద్వారము తెరచియున్నచో అధికమైన గాలి బుడగలుగా వెలికి పోవును. మూతపడియున్నచో పోవుటకు దారి లేక ఊపిరితిత్తి చినుగును. చినిగిన చోటినుండి గాలి రక్తనాళములలో ప్రవేశించి మెదడు చేరినచో పక్షవాతము, మరణము కూడ సంభవింపవచ్చును. నిండుగా పీల్చిన గాలితో ఒక్క మీటరు, ఒకటిన్నర మీటరు లోతునుండి లేచినను ఈ ప్రమాదము కలుగవచ్చునని వైద్యులెరుగుదురు. కనుక మూర్ఛతో కొట్టుకొనుచున్నవానిని తోడువాడు వెంటనే పైకి లాగవలెనా, ఆగవలెనా? సముద్రగర్భ వైద్యుల సంఘమొకటి 2012లో దీనిని విచారించి, రెగ్యులేటరు నోటనే నిలిచియున్నచో కొట్టుకొనుట ఆగువరకు అదే లోతున పట్టుకొని వేచియుండవలెననియు, నోటినుండి జారినచో వేచియుండక పైకి తేవలెననియు సలహా చెప్పెను. చదువుటకు ఇది సులభమే. ముందుదినము గంటసేపు పాఠము విన్న తోడువాడు, చుట్టును పచ్చని చీకటి కమ్మియుండగా, తన ఊపిరిని తాను నిగ్రహించుకొనుచు, మిత్రుని దవడ బిగిసియున్నదా సడలినదా అని చూచి నిర్ణయించుకొనవలెనని తలచుకొన్నచో, ఆ సలహా ఎంత మంచిదో అంత నిరుపయోగమని తోచును. పైకి వచ్చిన పిమ్మట గూడ చిక్కు తీరదు. స్పృహలేక కొట్టుకొనుచున్నవానికి వచ్చినది పాత మూర్ఛయా, మెదడులోనికి చేరిన గాలిబుడగయా అని పడవ మీద తేల్చగలవా రుండరు.

కొందరికి మూర్ఛకు ముందొక సూచన కలుగును. ఏదో వాసన, కడుపులోనుండి పైకి ఎగదన్నినట్లు ఒక వికారము, చేతివేళ్ళలో జలదరింపు. "నాకు ముందే తెలిసిపోవును గాన పైకి వచ్చెదను" అని వారు ధైర్యము చెప్పుకొందురు. ఆ సూచన ఒక్కొక్కప్పుడు రాదు, వచ్చినను అది కొన్ని క్షణములే. ఆ కొన్ని క్షణములలో లోతునుండి తొందరపడి లేచుట మరియొక ప్రమాదము. ఈ ధైర్యమును నమ్మరాదు.

ఇక్కడ ఒక అపోహను గూడ తొలగింపవలెను. లోతున ఉన్న ఒత్తిడియే మూర్ఛను పిలుచునని చాలమంది అనుకొందురు. దీనిలో సగము సత్యమున్నది. ఆ సత్యము ఒత్తిడిది కాదు, ఆక్సిజనుది. అధికమైన ఒత్తిడితో పీల్చిన ఆక్సిజను ఆరోగ్యవంతునికి గూడ మూర్ఛ తెప్పించునని 1878లోనే పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున చూపెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున స్వచ్ఛమైన ఆక్సిజను పీల్చుచు శత్రునౌకల క్రిందికి పోవు బ్రిటిషు నావికులపై కెన్నెత్ డొనాల్డు అను వైద్యుడు చేసిన పరీక్షలలో, ఈ మూర్ఛ ఒకనికి వచ్చిన లోతున మరొకనికి రాదనియు, ఒకే మనిషికి నేడు రాని లోతున రేపు రావచ్చుననియు తేలినది. అయితే విహారమునకు దిగువారు పీల్చునది మామూలు గాలి. అందులో ఆక్సిజను ఐదవ వంతు. ఈ క్రీడకు గరిష్ఠముగా చెప్పు నలుబది మీటర్ల లోతున గూడ దాని ఒత్తిడి ఒక వాతావరణము దాటి స్వల్పముగా ఉండును. అపాయమని ఎంచు 1.4 హద్దునకు చాల ఈవలనే. అనగా, మామూలు లోతున సముద్రము మూర్ఛను పుట్టింపదు. మరి పుట్టించున దేమి? ప్రయాణము. రాత్రంతయు రైలులోనో ఓడలోనో నిద్రలేక గడపుట. పడవ ఊపునకు వాంతియై, ప్రొద్దున వేసికొన్న మాత్ర వెలికి పోవుట. మిత్రులతో కలిసి రాత్రి మద్యము సేవించుట. సంచి మార్చుటలో మాత్రల పట్టీ ఇంట మరచుట. మొదటిసారి నీటిలో మునుగు భయమున వడివడిగా శ్వాస తీయుట. ఇందులో ప్రతి యొక్కటియు మూర్ఛకు పేరుమోసిన ప్రేరకము; ఒక విహారదినమున అన్నియు కలిసి రావచ్చును. దీనికి తోడు, మూర్ఛమాత్రలలో కొన్ని మెలకువను మందగింపజేయును, ముప్పది మీటర్లు దాటిన లోతున గాలిలోని నైట్రోజను మత్తు కలిగించును. ఈ రెండు మత్తులు కలిసినప్పుడు మనిషి తెలివి ఎంత నిలుచునో ఎవరును ప్రయోగము చేసి చూడలేదు, చూడవలసిన పని గూడ లేదు.

ఇక సోంపేట కుర్రవాని తల్లి మాటకు వత్తము. "చిన్నప్పుడొకసారి" అన్నది ఎప్పుడు, దేనివలన? ఐదేండ్ల లోపు పిల్లవానికి తీవ్రమైన జ్వరములో వచ్చిన మూర్ఛ, మరి ఎన్నడును రాక, ఏ దోషమును మిగల్పక పోయినచో, దానిని డైవింగు వైద్యులు సామాన్యముగా అడ్డంకిగా పరిగణింపరు. ఎండలో నిలుచుండి కళ్ళు తిరిగి పడిపోయి నాలుగు కుదుపులు కుదిపిన దానిని గూడ మన ఇళ్ళలో ఫిట్సనియే అందురు. అది మూర్ఛ కాకపోవచ్చును, గుండెలయ దోషము కావచ్చును, అప్పుడది మరియొక విచారణ. రక్తమున సోడియము గాని చక్కెర గాని పడిపోయి వచ్చినది, తలకు దెబ్బ తగిలినప్పుడు వచ్చినది, మద్యము హఠాత్తుగా మానినవానికి వచ్చినది, ఒక్కొక్కదాని జాతకము వేరు. మన దేశమున మెదడులో పురుగు లార్వా తిత్తి యేర్పడి మూర్ఛ కలుగుట చాల సామాన్యము. తిత్తి ఎండి మచ్చగా మిగిలినచో ఆ మచ్చయే మరల మూర్ఛకు కారణము కావచ్చును. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో బాధపడు వారి విషయము మరి వేరు. మూత్రపిండములు చెడినప్పుడు మూర్ఛ రావచ్చును, వచ్చినప్పుడు వాడు లెవెటిరాసిటాము వంటి మందు మూత్రపిండముల ద్వారానే వెలికి పోవలసినది గనుక మోతాదు తగ్గింపవలసియుండును. అట్టివాడు కవిటి కొబ్బరితోట వదలి డైవింగుకు పోడు, నిజమే. కాని ఒకే మూర్ఛకు వెనుక ఎన్ని కథలుండునో చెప్పుటకై ఆ మాట తెచ్చితిని.

ఏ కారణమును కనబడక ఒక్కసారి వచ్చిన మూర్ఛ, మొదటి రెండేండ్లలో మరల వచ్చు సంభావ్యత నూటికి 21 నుండి 45 వరకు అని అమెరికా నాడీవైద్యులు 2015లో చెప్పిరి. రెండవసారి వచ్చినదనిన, లేదా రానున్న పదేండ్లలో వచ్చు సంభావ్యత నూటికి కనీసము అరువది ఉన్నదనిన, దానికి మూర్ఛవ్యాధి అను పేరు పెట్టవలెనని అంతర్జాతీయ మూర్ఛవైద్య సమాజము 2014లో నిర్ణయించినది. బ్రిటనులోని డైవింగు వైద్యసంఘము, మాత్రలన్నియు మానివేసి, మానిన పిదప ఐదేండ్లు ఒక్క మూర్ఛయు లేక గడపినవానిని, నిద్రలో మాత్రమే వచ్చెడివాడైనచో మూడేండ్లు గడపినవానిని, వైద్యపరీక్ష చేసి అనుమతింపవచ్చునన్నది. మరికొన్ని దేశముల వైద్యులు అదియు ఒప్పుకొనరు. ఐదేండ్లు శుభ్రముగా ఉన్నవాని మెదడునకు ఆరవ యేట నిద్రలేమి, వాంతి, భయము ఒక్కసారి తగులుటయే వారి అభ్యంతరము. నాకు ఈ రెండవవారి వైపే మొగ్గున్నది. నేను వైద్యుడను కాను గనుక దీనిని అభిప్రాయముగానే గ్రహింపుడు.

కాని ఒక్క విషయమున అభిప్రాయము కాదు, హెచ్చరిక యీయవలసియున్నది. "మాత్రలు మానినవాడు దిగవచ్చును" అన్న నియమము చదివి, దిగుటకై మాత్రలు మానువారుందురు. మంచి మందుతో మూడేండ్లు మూర్ఛ లేక ఉన్నవాడు, అండమాను టిక్కెట్టు కొనుక్కొని, తనంతట తానే మందు ఆపివేసినచో, మూర్ఛ తిరిగి వచ్చుటకు అనువైన వేళను తానే ఏర్పరచుకొన్నవాడగును. హఠాత్తుగా ఆపుట ఆగని మూర్ఛకు గూడ దారితీయవచ్చును. మాత్ర మానుట అన్నది నాడీవైద్యుడు, రోగి కలిసి, జీవితమును చూచి తీసుకొనవలసిన నిర్ణయము; సముద్రములోని రంగురంగుల చేపలను చూచి కాదు.

మరి ఆ పత్రము మీద అబద్ధ మెందులకు? లోకమున పిరికివారు చాలమంది. కాని ఇది పిరికితనము కాదు, అలవాటు. ఈ వ్యాధి విషయమున మన ఇండ్లలో నిజము చెప్పి బాగుపడినవానిని చూపుట కష్టము. మోటారు బండి లైసెన్సుకై దాఖలు చేయు ఫారం-1లో మూర్ఛ ఉన్నదా అని అడుగుదురు. ఉన్నదన్నచో లైసెన్సు రాదు. సైన్యమున చేరుటకు ఇది అనర్హత. ప్రతియేట సైనిక భరతీ జరిగినప్పుడు మన రెండు జిల్లాల కుర్రవాళ్ళు వేలాదిగా వరుసలు కట్టుదురు గనుక, ఆ అనర్హత యొక్క బరువు ఇక్కడి తల్లులకు తెలియును. హిందూ వివాహ చట్టమున 1976లో చేర్చిన షరతు ప్రకారము మూర్ఛవ్యాధి వివాహమునకే ఒక అడ్డంకిగా ఉండెను; 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. చట్టము తొలగించినది గాని సంబంధములు కుదుర్చువారు తొలగింపలేదు. "పిల్లకి కాకిసొమ్మ ఉందట" అన్న మాట ఒక వీధిలో పుట్టినచో మూడు మండలముల దాక పోవును. ఇట్లు లైసెన్సు దగ్గర, కొలువు దగ్గర, పెండ్లిచూపుల దగ్గర "లేదు" అనుట నేర్చిన నాలుక, హేవలాకు ఒడ్డున పత్రము చేతికి వచ్చినప్పుడు హఠాత్తుగా సత్యవ్రతము పూనునా? ఒక భేదము మాత్రము వానికి ఎవరును చెప్పలేదు. పెండ్లిచూపులలో దాచిన మాట బయటపడినచో మనస్సులు విరుగును. ఇక్కడ దాచిన మాట నీటి అడుగున బయటపడును, అప్పుడు వానితోపాటు వానిని కాపాడబోయిన శిక్షకుని ప్రాణము గూడ పణముగా ఉండును.

కనుక ఆ కుర్రవాడు మొదట చేయవలసిన పని, ఆ గడిలో "అవును" అని గుర్తుపెట్టి, చిన్ననాటి చీటీలతో శ్రీకాకుళము రిమ్సులోనో, నెల్లిమర్ల మిమ్సులోనో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోనో ఒకసారి చూపించుకొనుట. జ్వరపు మూర్ఛయే అని తేలినచో వైద్యుని సంతకముతో నిర్భయముగా దిగవచ్చును. కాదని తేలినచో సముద్రము వానికి పూర్తిగా మూసిన తలుపు కాదు. అడుగున అద్దమమర్చిన పడవలలో కూర్చుండి పగడపు దిబ్బలను చూడవచ్చును. మూర్ఛ అదుపున ఉన్నవాడు, వైద్యుడు ఒప్పుకొన్నచో, లైఫ్ జాకెట్టు తొడిగి, విషయమెరిగిన ఒకరు రెప్పవాల్చక చూచుచుండగా నడుములోతు నీటిలో ఈదవచ్చును.

ఇంతవరకు చెప్పినది సెలవులకు పోయి డబ్బిచ్చి మునుగువాని సంగతి. వానికి వద్దన్నచో పోవునది ఒక సరదా. ఆ సరదా తీరక పోయినందుకు నాకు జాలి కలదు గాని, అంత గొప్ప జాలి లేదు. చరకసంహితలో అపస్మారచికిత్సను గూర్చిన అధ్యాయమున, చికిత్సలన్నియు చెప్పిన పిదప ఆచార్యుడొక హెచ్చరిక చేసెను: ఈ రోగిని నీరు, నిప్పు, చెట్టు, కొండ, ఎగుడుదిగుడు నేల, వీటినుండి ఎల్లవేళల కాపాడవలెననియు, ఇవి తత్క్షణమే ప్రాణము తీయుననియు. రెండువేల యేండ్ల నాటి మాట. నేటి నాడీవైద్యుడు వ్రాసి యిచ్చు జాగ్రత్తల చీటీలో గూడ ఇంచుమించు ఇవియే ఉండును. కాని శ్రీకాకుళ విజయనగరములను ఒకసారి మనస్సున తలచి వీటిలో మొదటి నాలుగింటిని మరల చదువుడు. నీరు అనగా భావనపాడు, బందరువానిపేట, బుడగట్లపాలెము, ముక్కాము, చింతపల్లి, ప్రతి యొక్కటియు వేటమీద బ్రతుకు ఊరు. నిప్పు అనగా పలాస కాశీబుగ్గలలో జీడిపిక్కలు కాల్చు కొలుములు, బాయిలర్లు. చెట్టు అనగా ఉద్దానపు కొబ్బరి. కొండ అనగా 2022 వరకు శ్రీకాకుళము జిల్లాలో ఉండిన సీతంపేట మన్యమున ఏటవాలుగా సాగు పోడు. ఆచార్యుడు వద్దన్న ఆ నాలుగును ఇక్కడి బీదవాని నాలుగు జీవనోపాధులు. యాత్రికునికి చెప్పినంత సులభముగా వీనికి "దిగవద్దు, ఎక్కవద్దు" అని చెప్పి చీటీ చేతికిచ్చి పంపుట వైద్యమున సగము మాత్రమే.

వేటకు పోవువాడు ఏ పత్రము మీదను సంతకము చేయడు. తెల్లవారుజామున, నిద్ర చాలక, ఖాళీ కడుపుతో, ఫైబరు బోటు అంచున నిలిచి వల విడుచును. ఆ వల రాతికి తగులుకొన్నచో ఊపిరి బిగపట్టి తానే మునిగి విడదీయును. డైవింగు వైద్యుడు చూచినచో గుండె గుభేలుమను దృశ్యము. పైగా లైఫ్ జాకెట్టు పని కడ్డమని బోటు మూల పడియుండును. మూర్ఛ ఉన్నవాడు ఈ పని చేయుటకన్న స్కూబా శిక్షకుని చేయి పట్టుకొని దిగుటయే తక్కువ ప్రమాదమేమో అనిపించును. ఇది పరిహాసముగా అన్నది గాని, అందులో నిజము లేకపోలేదు.

వీనికి దారి లేదా? కలదు, అది మందు. ప్రపంచమున సుమారు ఐదుకోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదనియు, సరియైన చికిత్స చేసినచో వారిలో నూటికి డెబ్బది మంది దాక మూర్ఛ లేకుండ బ్రతుకగలరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పేద దేశములలో నాలుగింట మూడు వంతులమందికి ఆ చికిత్స అందుటలేదనియు అదే సంస్థ చెప్పుచున్నది. ఫినోబార్బిటోను, ఫెనిటాయిను, కార్బమజెపైను వంటి పాత మందులు చవకయైనవి. మన తీరమున ఇంకొక వీలున్నది. దానిని ఎవరును వాడుకొనుట నేను చూడలేదు. ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరబోట్ల వేట నిషేధము. చేప గుడ్లు పెట్టుటకై ఇచ్చిన ఆ విరామమున, మూర్ఛ ఉన్న మత్స్యకారుడు ఆసుపత్రికి పోయి, మందు ప్రారంభించి, మోతాదు కుదుర్చుకొని, మత్తు ఎంత, మగత ఎంత అని నేలమీద చూచుకొనవచ్చును. రెండు నెలలలో వ్యాధి నయమై సముద్రమునకు అనుమతి వచ్చునని కాదు. మందు మొదలుపెట్టిన నాళ్ళలో పడవ ఎక్కవలసిన అవసరమైనను తప్పును. అదుపులోనికి వచ్చువరకు వలలు అల్లుట, ఎండుచేపల పని, తీరమున తూకము, ఇంజనుల బాగుచేత, ఇవి ఉన్నవి. కూలి తక్కువ. ఆ తక్కువను ఎవరు భరింతురన్నది వైద్యుని ప్రశ్న కాదు గాని, ప్రశ్న మాత్రము ఉన్నది. నిషేధకాలపు భృతి ఇచ్చు ప్రభుత్వము, ఇట్టివారికి మరికొన్ని నెలలు పొడిగించిన తప్పేమి?

నీటిలో మూర్ఛ వచ్చినవానికి చేయవలసినది సముద్రముననైనను గెడ్డలోనైనను ఒకటే. తలను నీటిపైకి ఎత్తి, మొగము ఆకాశమువైపు ఉండునట్లు పట్టుకొనవలెను. కొట్టుకొనుటను బలముతో ఆపరాదు. కుదుపు తగ్గగానే ఒడ్డునకు చేర్చి పక్కకు తిప్పి పండుకొనబెట్టవలెను. తాళపుచెవుల గుత్తి, ఉల్లిపాయ, నోట్లో చెంచా, ఇవి యేవియు వద్దు. ఐదు నిమిషములు దాటినను, శ్వాస సరిగా లేకున్నను 108కి ఫోను చేయవలెను. లేచి కూర్చుండి బాగున్నానన్నను ఆసుపత్రికి తీసుకొనిపోవుట మానరాదు. ఊపిరితిత్తులలోనికి పోయిన నీరు కొన్ని గంటల తరువాత గూడ తన పని చూపవచ్చును.

చివరకు గుజరాతు రేవైన వేరావళ్ మాట. వానకాలము నడుమ మన తీరపు మగవారు వందలాదిగా గుజరాతు పోయి, అక్కడి బోట్లలో వారములు వారములు నడిసముద్రమున గడపుదురు. మూర్ఛ అదుపునకు రానివాడు ఆ రైలు ఎక్కరాదు. వైద్యుడు సరే అన్నవాడు ఎక్కునప్పుడు, వేట ఎన్నాళ్ళో అన్నాళ్ళకును, పైన మరి రెండు వారములకును సరిపడు మాత్రలు తడవని డబ్బాలో పెట్టుకొని, మందు పేరు, మోతాదు వ్రాసిన చీటీ యొకటి తనవద్దను ఒకటి బోటు నాయకుడైన తండేలు వద్దను ఉంచవలెను. తండేలు ఆ చీటీ చూచి బోటు ఎక్కించుకొనడేమో ననెడి భయము వట్టిది కాదు, కొందరు ఎక్కించుకొనరు. ఎక్కించుకొన్నవాడు వానిని అంచున నిలిపి వల లాగించక, చేపలు మంచులో సర్దు పనికి పెట్టుట మేలు. జాలిపడి వంటపని మాత్రము ఈయరాదు. బోటు మీది పొయ్యి గూడ చరకుడు వద్దన్న నిప్పే గదా.